కంప్యూటర్ మనది, తాళం కంపెనీది

(దళిత యువజన శిక్షణా తరగతుల్లో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచి భూమి గురించి, కూలి గురించి, అట్రాసిటీ కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నన్ను సాఫ్ట్‌వేర్ లైసెన్సుల గురించి చెప్పమన్నారు. "మనకెందుకయ్యా ఈ గోల" అని వెనక కూర్చున్న పెద్దాయన ఒకరు అంటుంటే విన్నాను. ఎందుకో చెప్తా. రేషన్ కార్డు, ఉపాధి హామీ మస్టరు, కుల ధ్రువపత్రం, పిల్లల స్కాలర్‌షిప్పు, పొలం అడంగల్ - ఇవాళ అన్నీ కంప్యూటర్లోకే పోయినయి. ఒకప్పుడు కరణం దగ్గరున్న కాగితం ఏం చెప్తుందో తెలియక మన తాతలు భూములు పోగొట్టుకున్నారు. ఇప్పుడా కాగితం కంప్యూటర్లో ఉంది. ఆ కంప్యూటర్ ఎవరి మాట వింటుందో తెలుసుకోవద్దా?

సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్‌కు మనిషి రాసిచ్చే ఆజ్ఞల పట్టీ. మనిషి చదవగలిగేట్టు రాసిన రూపాన్ని సోర్స్ కోడ్ అంటారు. కంపెనీ దాన్ని తన దగ్గర దాచుకుని, మిషన్‌కు మాత్రమే అర్థమయ్యే రూపాన్ని మనకిస్తుంది. మనం డబ్బు పోసి కొన్నామనుకుంటాం. కొనలేదు. వాడుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాం, అంతే. ఆ అనుమతి పేరే లైసెన్సు. ఇంకో మిషన్లో వేయకూడదు, పక్కవాడికి ఇవ్వకూడదు, విప్పి చూడకూడదు, మార్చకూడదు. పొలం కౌలుకిచ్చిన కామందు కూడా నాగలి ఎటు దున్నాలో చెప్పడు. ఈ కామందు చెప్తాడు.

ఇది సగమే. రెండో సగం ఇంకా గట్టిది. పదేళ్ల ఫైళ్లన్నీ ఒక కంపెనీ పద్ధతిలోనే రాసి దాస్తారు. సిబ్బందికి అదొక్కటే నేర్పిస్తారు. శాఖ పనికి రాయించుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా దానిమీదే నడుస్తాయి. అప్పుడు ధర పెంచినా కిక్కురుమనలేరు. ఉండడానికయ్యే ఖర్చు కంటే బయటపడడానికయ్యే ఖర్చు ఎక్కువ! అప్పు కింద జీతానికి కుదిరిన పాలేరు సంగతి మీకు నేను చెప్పాలా? మొదట తీసుకున్న అప్పు చిన్నదే. స్కూళ్లకూ కాలేజీలకూ సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తాం, తక్కువ ధరకిస్తాం అని కంపెనీలు ఎందుకొస్తాయో దీన్నిబట్టి ఆలోచించండి. దొంగ కాపీ వేసుకున్నవాడు నేను తప్పించుకున్నాననుకుంటాడు. వాడి ఫైళ్లూ అదే దొడ్లో కట్టేసి ఉన్నాయి.

పత్తి వేసినవాళ్లకు ఇది కొత్త కాదు. బీటీ విత్తనం దాచుకుని మళ్లీ వేస్తే సరైన దిగుబడి రాదు, ఏటా కొనాల్సిందే. 450 గ్రాముల ప్యాకెట్ 1,850 రూపాయల దాకా అమ్మారు. అందులో పెద్ద భాగం మోన్‌శాంటో టెక్నాలజీకి కట్టే రుసుము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్ దాకా పోయి కొట్లాడితే 750కి దిగింది. ప్రభుత్వం అడిగితే దిగుతుంది. అడగదు, అదీ సంగతి.

డబ్బు సక్రమంగా కట్టేవాళ్లకు భయమేంటి అంటారు. గుజరాత్‌లోని వాడినార్‌లో పెద్ద రిఫైనరీ ఉంది, నయారా ఎనర్జీ అనే కంపెనీది. అందులో రష్యా వాటా ఉందని 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. మన దేశ చట్టం ఏ ఆంక్షా పెట్టలేదు. అయినా మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకిచ్చే సేవలు ఆపేసింది. సొంత ఈమెయిలు, సొంత సమాచారం చూసుకోవడానికి వాళ్లు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కారు. కొద్ది రోజులకు తిరిగిచ్చారు. చమురు కంపెనీ మీద నాకు జాలేమీ లేదు. అంత పెద్దవాళ్ల గొంతే పట్టుకోగలిగితే మన మండలాఫీసు ఎంత!

అదే ఏడాది అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేశారు. విండోస్ 11 కావాలంటే చాలా పాత మిషన్లు పనికిరావు. బాగా నడుస్తున్న కంప్యూటర్‌ను ఎక్కడో కూర్చున్నవాడు ముసలిదైపోయిందన్నాడు. ముందు మూలన పడేది ఏ బళ్లో కంప్యూటరు? కార్పొరేట్ స్కూలుదా, మన పేట పిల్లలు చదివే సర్కారు బడిదా?

మా వైపు ఒక హైస్కూల్లో పథకం కింద కంప్యూటర్లు పెట్టారు. నడిపే పని ఒక ప్రైవేటు ఏజెన్సీకిచ్చారు. గడువైపోయింది, ఏజెన్సీ వెళ్లిపోయింది, పాస్‌వర్డులు కూడా వాళ్లతోనే పోయినయి. గదికి తాళం, కంప్యూటర్‌కు తాళం. పిల్లలు కిటికీలోంచి చూసేవాళ్లు.

దీనికి విరుగుడు చేసినవాళ్లున్నారు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, ఎవరైనా వాడుకోవచ్చు, చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అనే షరతుతో సాఫ్ట్‌వేర్ రాస్తానని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టాడు. ఈ రెండూ కలిసి ఇవాళ లోకమంతా నడుస్తున్నయి.

నాకు ముఖ్యమైంది కేరళ. 2001-02లో అక్కడ ఐటీ ఎట్ స్కూల్ పథకం పెట్టినప్పుడు పాఠాలూ శిక్షణా మైక్రోసాఫ్ట్ చుట్టూనే ఉండేవి. అడ్డం తిరిగింది ఎవరు? ఇంజనీర్లొక్కరే కాదు, బడిపంతుళ్లు. ప్రజల డబ్బుతో నడిచే బళ్లో ఒక కంపెనీ సరుకును పాఠంగా చెప్పం అని కేరళ స్కూల్ టీచర్స్ అసోసియేషన్ నిలబడింది. మెల్లమెల్లగా లైనక్స్ వచ్చింది. టీచర్లే నేర్చుకుని, తోటి టీచర్లకు నేర్పారు. మలయాళంలోనే మెనూలు వచ్చినయి. పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దానిమీదే పెట్టారు. ఆ పథకమే తర్వాత కైట్ అనే సంస్థ అయింది. 2 లక్షల కంప్యూటర్లకు లైసెన్సులు కొనకపోవడం వల్ల 3,000 కోట్లు మిగిలాయని 2019లో కైట్ చెప్పుకుంది. వాళ్ల లెక్క ఎక్కువేసుకున్నారనుకుని సగం కొట్టేయండి, 1,500 కోట్లు. ఎన్ని హాస్టళ్లు కట్టొచ్చు!

తమిళనాడులో ప్రభుత్వ సంస్థ ఎల్కాట్‌ను లైనక్స్‌కు మార్చిన అధికారి సి. ఉమాశంకర్, ఐ.ఎ.ఎస్. ఆయన దళితుడు. 2010లో కుల ధ్రువపత్రం తప్పుడుదనే ఆరోపణతో ఆయన్ను సస్పెండ్ చేశారు, దళిత సంఘాలు రోడ్డెక్కాయి, ఆ ఏడాదే సస్పెన్షన్ ఎత్తేశారు. లైనక్స్ వల్లే సస్పెండ్ చేశారని నేననడం లేదు. మనవాడు పెద్ద కుర్చీలో ఏం చేసినా ముందు అడిగేది కులం కాగితమే అంటున్నా.

అన్నీ గెలుపులే కావు. జర్మనీలో మ్యూనిక్ నగరం 2003లో లైనక్స్‌కు మారాలని తీర్మానించింది. కంపెనీ అధిపతి స్టీవ్ బాల్మర్ స్వయంగా వెళ్లి మేయర్‌ను కలిసినా వినలేదు. సుమారు 15,000 కంప్యూటర్లు మార్చారు. పాలకులు మారాక 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని ఓటేశారు. ఇది మిషన్ల తగాదా కాదు, రాజకీయం.

ఇంకోటి కూడా చెప్పాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనగానే కులం మాయమైపోదు. ఆ సభల వేదికల మీద మనవాళ్లు ఎంతమంది కనిపిస్తారు? అందుకే బెంగళూరు సుదర్శన్ లేఔట్ మురికివాడలో అంబేడ్కర్ పేరు మీద కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిపినవాళ్లంటే నాకు గౌరవం. వాడలోనే పిల్లలకు లైనక్స్ మీద బొమ్మలు గీయడం నుంచి నేర్పారు.

"ఉద్యోగానికి పోతే విండోస్ వచ్చా అంటారు మాస్టారూ" అని ఒక చెల్లెలు చీటీ పంపింది. నిజమే అడుగుతారు. సైకిల్ తొక్కడం వచ్చినవాళ్లకు ఏ కంపెనీ సైకిలైనా ఒకటే. బళ్లో సైకిల్ తొక్కడం నేర్పాలి, కంపెనీ పేరు కాదు.

మన పని మనింట్లో మొదలుపెట్టాలి. మన పాత కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు డి.టి.పి. షాపుల్లో ఏవేవో ఫాంట్లలో టైపు చేయించాం. ఇవాళ తెరిస్తే పిచ్చిగీతలు. ఇకనుంచి ప్రతిదీ యూనికోడ్‌లోనే టైపు చేయాలి. పాతవి దొరికినంతవరకు మళ్లీ ఎక్కించాలి. రెండోది, కేంద్ర ప్రభుత్వమే 2015లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని విధానం ప్రకటించింది, వద్దంటే కారణం రాయాలంది. సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం: మన జిల్లా బళ్లల్లో, సంక్షేమ హాస్టళ్లలో కంప్యూటర్ల లైసెన్సులకు ఎంత పోసారు, అందులో సబ్‌ప్లాన్ డబ్బెంత, ఎన్ని మిషన్లు మూలన పడ్డాయి? దరఖాస్తు నమూనా రాసి తెచ్చాను, ఊరికొకటి తీసుకోండి.

మూడోది, పాత కంప్యూటర్ ఎవరి ఊళ్లోనైనా పడుంటే పారేయొద్దు. లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ నా జేబులో ఉంది. భోజనాలయ్యాక ఆ వరండాలో ఉన్న మిషన్‌లో ఎట్లా ఎక్కించాలో చూపిస్తా, ముందు ఆడపిల్లలు కూర్చోండి.