చెవులతో చూసే సినిమాలు: మీరు తప్పకుండా వినాల్సిన నాలుగు రేడియో కథలు

ఈ ఎపిసోడ్‌లో సినిమాలూ లేవు, వెబ్ సిరీస్‌లూ లేవు. నాలుగు రేడియో కథలు చెప్తాను. రేడియో అనగానే పాటలు, మధ్యలో ఆర్జే జోకులు గుర్తొస్తాయి కదా? అది కాదు. అమెరికాలో పబ్లిక్ రేడియో అని ఉంది. లాభం కోసం నడిపేది కాదు. శ్రోతల విరాళాలు, స్పాన్సర్లు, కొంత ప్రభుత్వ సొమ్ముతో నడిచేది. ఆ ప్రభుత్వ సొమ్మును 2025లో అక్కడి కాంగ్రెస్ కట్ చేసేసింది, పబ్లిక్ టీవీతో కలిపి దాదాపు 110 కోట్ల డాలర్లు. చిన్న ఊళ్ల స్టేషన్లకు అది పెద్ద దెబ్బ. అందుకే ఆ రేడియో ఏం చేయగలదో ఇప్పుడు చెప్పాలనిపించింది.

మొదటిది, లోన్ యాప్ ఓపెన్ చేసే ముందు వినాల్సిన కథ. షో పేరు 'దిస్ అమెరికన్ లైఫ్'. 1995లో షికాగోలో మొదలైంది, హోస్ట్ ఐరా గ్లాస్. 2008 మేలో వచ్చిన ఎపిసోడ్ పేరు 'ద జెయింట్ పూల్ ఆఫ్ మనీ'. అందులో మూడు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేసుకునే ఒకాయన ఉంటాడు. ఏడాదికి సుమారు 45,000 డాలర్ల సంపాదన. బ్యాంకు ఆయనకు ఇచ్చిన లోన్ 5,40,000 డాలర్లు! జీతమెంతో కాగితం కూడా అడగలేదు. నేనైతే నాలాంటివాడికి అప్పు ఇచ్చేవాణ్ణి కాదని ఆయనే అంటాడు. మరి ఎందుకిచ్చారు? ఆ లోన్‌ను ఒకళ్లు ఇంకొకళ్లకి, వాళ్లు మరొకళ్లకి అమ్మేసుకుంటూ పోయారు. తిరిగి కడతాడా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు. ఎపిసోడ్ వచ్చిన నాలుగు నెలలకే లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది. ఎకనామిక్స్ అంటే నిద్రొచ్చేవాళ్లు కూడా గంటసేపు కదలకుండా వింటారు. అంత ఈజీగా లోన్ ఇస్తున్నారంటే లాభం ఎవరిది అని అడగడం దీంతో అలవాటవుతుంది.

రెండోది కూడా అదే షోలో, 2016లో వచ్చింది. ఎపిసోడ్ పేరు 'వన్ లాస్ట్ థింగ్ బిఫోర్ ఐ గో'. జపాన్‌లో ఓట్సుచి అని సముద్రం పక్కన ఒక ఊరు. అక్కడ ఇతారు ససాకి అనే పెద్దాయన తన తోటలో తెల్లటి ఫోన్ బూత్ పెట్టుకున్నాడు. లోపల పాత డయల్ ఫోన్. లైన్ లేదు, దేనికీ కనెక్షన్ లేదు. చనిపోయిన తన కజిన్‌తో మాట్లాడుకోవడానికి పెట్టుకున్నదది. మర్నాడు 2011 మార్చి 11న సునామీ వచ్చిందనుకోకండి, బూత్ అంతకు ముందు ఏడాదే మొదలైంది. సునామీలో ఆ ఊళ్లో 1,200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. తర్వాత జనం ఒక్కొక్కరుగా ఆ బూత్‌కి రావడం మొదలుపెట్టారు. నంబర్ తిప్పి, పోయినవాళ్లతో మాట్లాడతారు. ఇల్లు కడుతున్నామని చెప్తారు, చలిగా ఉందా అని అడుగుతారు. నాన్నను పోగొట్టుకున్న ఒక కుర్రాడు మొదట ఒంటరిగా వస్తాడు, తర్వాత అమ్మనీ తోబుట్టువులనీ తీసుకొస్తాడు. అన్నేళ్లూ ఆ ఇంట్లో నాన్న గురించి ఎవరూ నోరు విప్పలేదు. మాటలన్నీ జపనీస్‌లోనే, మీద ఇంగ్లిష్ అనువాదం. అయినా ఆ గొంతు వణకడం ఏ భాషలోనైనా అర్థమైపోతుంది. ఇది బస్సులో మాత్రం వినకండి, కళ్లు తుడుచుకుంటుంటే పక్కవాళ్లు కంగారు పడతారు.

మూడోది కాస్త తేలిగ్గా, ప్రేమకథ. న్యూయార్క్ నుంచి వచ్చే 'రేడియోల్యాబ్' షోలో 'స్పేస్' అనే ఎపిసోడ్. 1977లో వోయేజర్ నౌకల్లో భూమి శబ్దాలతో ఒక బంగారు రికార్డు పంపారు కదా, దాని క్రియేటివ్ డైరెక్టర్ ఆన్ డ్రుయాన్, టీమ్ హెడ్ కార్ల్ సేగన్. రికార్డు కోసం ఒక పాత చైనా పాట దొరికిందని చెప్పడానికి ఆమె ఫోన్ చేస్తుంది. ఆయన తిరిగి ఫోన్ చేస్తే, అది పెట్టేసేలోపు ఇద్దరూ పెళ్లి చేసుకోవాలని డిసైడ్ అయిపోయారు! కొన్ని రోజులకే ఆమె మెదడు తరంగాలు రికార్డ్ చేసి అందులో పెట్టారు. అంటే కొత్తగా ప్రేమలో పడిన ఒక మనిషి మనసు ఇప్పుడు 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ప్రయాణిస్తోంది. అదే రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, అందులో మన తెలుగు కూడా ఉంది. ఆ చిన్న తెలుగు పలకరింపును యూట్యూబ్‌లో వెతికి వినండి, ఒళ్లు పులకరిస్తుంది.

నాలుగోది చాలా చిన్నది. 'స్టోరీకోర్' అనే సంస్థను డేవ్ ఐసే 2003లో మొదలుపెట్టారు. అప్పట్లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో చిన్న రికార్డింగ్ గది ఉండేది. మామూలు మనుషులు ఇద్దరు వచ్చి 40 నిమిషాలు మాట్లాడుకుంటారు. ఆ మాటలు దేశ గ్రంథాలయంలో భద్రం చేస్తారు, కొన్ని రేడియోలో వస్తాయి. అలా వచ్చినవాళ్లే డానీ, ఆనీ. ఆయన గుర్రప్పందేల కౌంటర్‌లో క్లర్కు, ఆమె నర్సు. రోజూ పొద్దున్నే భార్యకు ఒక ప్రేమ చీటీ రాసిపెట్టేవాడాయన. ఆయనకు క్యాన్సర్ ముదిరాక వాళ్లింటికే వెళ్లి మళ్లీ రికార్డ్ చేశారు. అది 2006 ఫిబ్రవరిలో రేడియోలో వచ్చిన రోజే ఆయన పోయారు. తర్వాత ఆనీకి వెయ్యికి పైగా ఉత్తరాలొచ్చాయి. ప్రేమ చీటీకి బదులు రోజుకో ఉత్తరం చదువుకునేదట ఆమె. దీని యానిమేషన్ వీడియో కూడా ఉంది, కొద్ది నిమిషాలే.

అమెరికన్ యాస అర్థం కాదంటారా? దిస్ అమెరికన్ లైఫ్ వెబ్‌సైట్‌లో ప్రతి ఎపిసోడ్‌కీ రాతప్రతి ఫ్రీగా ఉంటుంది. చదువుతూ వినండి, రెండు ఎపిసోడ్లయ్యాక చెవి అలవాటు పడుతుంది.

ఇంకొక్క మాట. డానీ గొంతు మిగలడానికి ఒక గది, ఒక మైకు కావాల్సి వచ్చాయి. మీ జేబులో రికార్డర్ ఇప్పటికే ఉంది. మన గ్యాలరీలో అమ్మమ్మ ఫొటోలు వందలుంటాయి, ఆవిడ గొంతు ఎన్ని నిమిషాలు ఉంటుంది చెప్పండి? ఈ ఆదివారం ఇంట్లో టీవీ ఆపేసి, ఫ్యాన్ స్పీడ్ తగ్గించి, ఫోన్‌ను ఆవిడ దగ్గరగా పెట్టండి. "నీ చిన్నప్పుడు బాగా భయమేసిన రోజు ఏది అమ్మమ్మా?" అని అడిగి, మధ్యలో అడ్డం పడకుండా వినండి. ఫైల్‌కి పేరు, తేదీ పెట్టి ఇంకో చోట కూడా కాపీ చేసుకోండి.

ఆవిడ ఏం చెప్పిందో, చెప్పొచ్చు అనుకుంటే కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!