ప్రసంగమునకు వస్తువు

రేడియోలో ప్రసంగింప నుత్సాహపడు మిత్రులు మాకు వ్రాయు ఉత్తరములలో తఱచుగా ఒకే తీరు కనబడును. "ఆరోగ్యమును గుఱించి మాటలాడుదును", "స్త్రీవిద్యపై ప్రసంగమిచ్చెదను", "నీటిని గూర్చి చెప్పవలెనని యున్నది" అని వ్రాయుదురు. వీరిలో చాలమంది తమ శాస్త్రమును చక్కగా నెఱిగినవారు. అయినను ఉత్తరము చదివిన పిదప వారేమి చెప్పబోవుదురో మాకు బోధపడదు. వారు పంపినది వస్తువు కాదు, గ్రంథాలయములో బీరువాపై అంటించు చీటీ. చీటీ చూచి బీరువా తెఱచువాడు విద్యార్థి. వంట చేయుచు, బట్టలు మడచుచు వినుచున్న వారికి ఆ యక్కఱ లేదు. మీట త్రిప్పిన చాలును, ప్రసంగకర్త మాయమగును. నేడు ఫోనుపై వ్రేలు కదిపినను అంతే.

"నీరు" అను దానినే తీసికొందము. సముద్రమునకు చేరువగానున్న కొన్ని గ్రామములలో వేసవి వచ్చుసరికి బావినీరు ఉప్పనగుట అక్కడి వారెల్లరు నెఱిగినదే. ఎందువలన? మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. భూమిలోపల అది ఉప్పునీటిపై పొరవలె నిలిచియుండును. మోటారులు పెట్టి మితిమీఱి తోడినపుడు ఆ పొర పలుచనై అడుగుననున్న ఉప్పునీరు పైకి లేచును. "మన బావి ఎందుకు ఉప్పనైనది?" అని మొదలుపెట్టినయెడల వినువాడు కుర్చీ దగ్గఱకు లాగుకొనును. ఆ ప్రశ్న అతని ఇంట ఇదివఱకే యున్నది. రోజూ బిందెతో ఇంటిలోనికి వచ్చుచునే యున్నది. ప్రసంగకర్త చెప్పదలచిన భూగర్భశాస్త్రమంతయు ఆ బావిలోనే దొరకును.

ఈ మెలకువ నేటిది కాదు. లండను నగరములో 1711 మార్చి 1వ తేదీన జోసెఫ్ అడిసను, రిచర్డు స్టీలు అను మిత్రులిరువురు "స్పెక్టేటరు" పత్రికను ప్రారంభించిరి. ఆదివారము తప్ప ప్రతిదినము వెలువడు ఒంటికాగితపు పత్రిక. వెల ఒక పెన్నీ. సాధారణముగా లోపల ఒక్కటే వ్యాసము. రాజకీయపు కక్షలతో నగరము ఉడికిపోవుచున్న ఆ దినములలో వారు కక్షల జోలికి అంతగా పోక, స్త్రీలు విసనకఱ్ఱ విసరు తీరు, కాఫీశాలలలో వార్తలు మోసికొని తిరుగువారి చాపల్యము వంటివానిని వస్తువులుగా గ్రహించిరి. పదవ సంచికనాటికే దినమునకు 3000 ప్రతులు చెల్లుచున్నవనియు, ఒక్కొక్క ప్రతిని 20 మంది చదువుదురనియు అడిసను లెక్కవేసెను. ఆ 20 ఆయన ఊహయే. రచయితలు తమ పాఠకులను లెక్కించునపుడు చేయి కొంచెము ధారాళముగనే ఉండును.

ఐతే విసనకఱ్ఱ కొఱకు వచ్చిన పాఠకుని ఆయన విసనకఱ్ఱవద్దనే కూర్చుండబెట్టలేదు. 1712 జనవరి మొదలు మే వఱకు ప్రతి శనివారము, మొత్తము 18 వ్యాసములలో, మిల్టను రచించిన "పారడైజ్ లాస్ట్" మహాకావ్యమును అదే పాఠకునకు విప్పి చెప్పెను. మొదటి దినముననే మిల్టనును ఎత్తుకొనియున్నచో ఎందఱు నిలిచియుందురో! దాదాపు ఏడాదిపాటు నమ్మకము కూడబెట్టిన పిమ్మట ఆ సాహసము చేసెను. ఆ యేటి ఆగస్టులో ప్రభుత్వము పత్రికలపై ముద్రసుంకము విధింపగా వెల రెండింతలయ్యెను. కొనువారు తగ్గిరి. అయినను డిసెంబరు 6 వఱకు నడచి, అది 555 సంచికలు పూర్తిచేసికొనెను.

ఆ పత్రికాసంఘపు ఒరవడిని మన పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు తెలుగునకు తెచ్చిరి. 1913లో "సువర్ణలేఖ"యందు మొదలై, తరువాత "ఆంధ్రపత్రిక"లో సాగిన "సాక్షి" వ్యాసములను ఎఱుగని తెలుగువారు అరుదు. ఒరవడి ఇంగ్లీషుదే కాని, జంఘాలశాస్త్రి కంఠము మాత్రము అచ్చముగా మనది. తెలుగువాడు తెలుగు మాటలాడుటకు సిగ్గుపడుట యను ఒక్క సంగతి పట్టుకొని ఆయన చేసిన సందడిని బడిపిల్లలు సైతము చదివి నవ్వుకొన్నారు. "భాషాభిమానము" అను చీటీ అంటించియున్న నవ్వెక్కడిది?

ఇంతవఱకు చెప్పినది జనులకు రుచించు సంగతులను గూర్చి. రుచింపనివి చెప్పవలసివచ్చిన నేమి చేయవలెను? ఈ చిక్కు అన్నిటికంటె పెద్దది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో "వివేకవర్ధని"ని వెలువరించినపుడు, ఆయన చెప్పదలచినవి ఊరివారు వినగోరినవి కావు. లంచగొండితనము, బాల్యవివాహములు, వితంతువుల దుస్థితి, వీనిని గూర్చి వ్రాయుమని ఆయన నెవరును ప్రార్థింపలేదు, తిట్టినవారే యెక్కువ. ఐనను ఆ పత్రికలోనే 1878 మొదలు "రాజశేఖర చరిత్రము" వరుసగా వచ్చుచుండెను. తరువాతి కథ యేమగునో యని కాగితము చేత పట్టినవారి కన్ను ప్రక్కనున్న మందలింపుపైనను పడకుండునా? 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగెను. అది కేవలము పత్రికవలననే యని మేమనము. ఉపన్యాసములు, శిష్యులు, పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారి సాహసము, ఇన్నియు కూడివచ్చినవి.

మా ప్రణాళికా సమావేశములలో ఈ వాదము తఱచు లేచును. శ్రోతలు కోరినవానినే ప్రసారము చేయుదమని ఒకరు, శ్రోతలకు కావలసినవానిని చేయుదమని మఱొకరు. ఉత్తరములు లెక్కించి నిర్ణయింతమందురా, ఉత్తరములు వ్రాయువారు వ్రాయు అలవాటు గలవారు మాత్రమే. వ్రాయనివారి లెక్క యేది?

రక్తహీనత సంగతి చూడుడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారని తేలినది. అనగా ఈ పుట చదువుచున్న ఇండ్లలోనే అట్టివారు ఎందఱో యుందురు. అయినను "రక్తహీనతపై ప్రసంగము కావలెను" అని ఉత్తరము వచ్చుట యెక్కడనో గాని లేదు. "మెట్లెక్కిన ఆయాసము వచ్చుచున్నది", "సాయంకాలమగుసరికి కాళ్ళు లాగుచున్నవి", "అమ్మాయి చదువుపై మనసు నిలుపలేకున్నది" అని మాత్రము వచ్చుచుండును. కోరిక లేక కాదు, పేరు తెలియక. కనుక వైద్యురాలిని పిలిచినపుడు మేము "రక్తహీనత, దాని నివారణ" అను శీర్షికను వదలి, "భోజనము చేసిన వెంటనే టీ త్రాగవచ్చునా?" అను ప్రశ్న నిమ్మని కోరుదుము. టీ ఆహారములోని ఇనుమును శరీరమునకు పట్టనీయదు, నిమ్మరసము పట్టించును. టీ గ్లాసుతో మొదలైన మాట ఆకుకూర మీదుగా, ఇనుప మాత్రల మీదుగా, రక్తపరీక్షవఱకు తానే నడచును. ఆసుపత్రికి పొమ్మని మొదటనే గద్దించినచో ఆమె పొయ్యివద్దనే యుండును.

ఒకసారి ఆకర్షించుట ఇట్లు కుదురును. నిలుపుటకు మాత్రము మఱొకటి కావలెను. 1956లో పూనా చుట్టుపట్ల జిల్లాలలో ఆకాశవాణి, యునెస్కో కలిసి సుమారు 150 గ్రామములలో శ్రోతల సంఘములను ఏర్పఱచి, వారమునకు రెండేసి చొప్పున 20 కార్యక్రమములు వినిపించినవి. విన్న తరువాత సంఘమువారు అక్కడనే కూర్చుండి చర్చించి సందేహములు వ్రాసి పంపెడివారు. తరువాతి ప్రసారములలో వానికి సమాధానములు వచ్చెడివి. పరిశోధకులు పోల్చి చూడగా, ఈ సంఘములున్న చోట జనులు క్రొత్తగా తెలిసికొన్నది మెండు. రేడియో ఉండి సంఘము లేని గ్రామములలో స్వల్పము. పెట్టె అదే, ప్రసంగము అదే. తమ మాట అటువైపు చేరినదన్న తెలివిడి ఒక్కటే వేఱు.

అందుచేత మేము ప్రసంగములను ఒంటిగా గాక మూడేసి చొప్పున అమర్చుటకు ప్రయత్నించుచున్నాము. మొదటి దానికి వస్తువు మాది. రెండవ దానికి వస్తువును, మొదటిది విన్నవారు అడిగిన ప్రశ్నలనుండి తీయుదుము. మూడవది ఖాళీగా ఉంచుదుము. ఈ ఖాళీ చూచి కొందఱు విద్వాంసులకు కోపము వచ్చును. ముందుగా వ్రాసి యుంచిన ప్రసంగము పాడైపోయినదని వారి బాధ. కాదనలేము.

ఇకపై ప్రసంగము పంపదలచిన మిత్రులు శీర్షిక వ్రాయకున్నను మాకు లోటు లేదు. ఒక కార్డుపై రెండు సంగతులు వ్రాయుడు: మీరు ఉత్తరము చెప్పబోవు ప్రశ్న యేది, ఆ ప్రశ్న నిజముగా మిమ్మడిగినవారెవరు. మీ పొరుగింటివారైనను సరియే, మీ విద్యార్థియైనను సరియే, పాలు పోయు మనిషియైనను సరియే.