ముక్కు దగ్గర చిటికెడు మైనం



సెలవులొస్తే చాలు, పిల్లలున్న ఇంట్లో థర్మోకోల్ ముక్కలు, జిగురు సీసా, కత్తెర ఎక్కడపడితే అక్కడ కనిపిస్తాయి. గ్లైడరు చేస్తున్నామంటారు. రెండు రోజులు కూర్చుని రెక్కలు కోసి, రంగులేసి, తీరా విసిరితే అది నాలుగు గజాలైనా పోకుండా ముక్కు నేలకేసి కొట్టుకుంటుంది. లేదా పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, కూలబడుతుంది. "నాకు చేతకాదమ్మా" అని పిల్లవాడు దాన్ని అటకమీద పారేస్తాడు. రెక్క విరిగితే మళ్ళీ అతికించుకోవచ్చు గాని, ఆ మాట వింటేనే మనసు చివుక్కుమంటుంది. పాపం, రెక్కలు బాగానే కోశాడు, జిగురూ బాగానే అంటింది. బరువు ఎక్కడ నిలిచిందో చూసుకోలేదు, అంతే. పక్కన కూర్చుని మనమే చూపించవచ్చు. నేను మెట్రిక్‌తో చదువు ఆపినదాన్ని. కూరగాయల త్రాసులో ముల్లు ఎటు ఒరిగిందో కనిపెట్టగలిగిన వాళ్ళందరికీ ఈ విద్య వచ్చినట్టే.

ముందు కొబ్బరి ఈనెల చీపురొకటి తీసుకుని అడ్డంగా ఒక వేలిమీద నిలపండి. సరిగ్గా మధ్యలో నిలవదు. కట్టు ఉన్న మొదలు వైపుకి వేలు జరిపితే నిలుస్తుంది. ఆ చోటునే పిల్లల పాఠాల్లో గరిమనాభి అంటారు. వస్తువు బరువంతా అక్కడే ఉన్నట్టు లెక్క.

తిన్నని రెక్కలూ వెనక తోకా ఉన్న మామూలు గ్లైడరుకి ఈ నాభి, రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉండాలి. రెక్క వెడల్పు 3 అంగుళాలైతే, ముందంచు నుంచి ముప్పావు అంగుళం మొదలు 1 అంగుళం దాకా అన్నమాట. రెండు రెక్కల కిందా అక్కడ పెన్సిలుతో గీత గీయించండి. ఆ గీతలమీద రెండు చూపుడువేళ్ళు ఆనించి గ్లైడరుని ఎత్తమనండి. తోక కిందికి వాలిందా, ముక్కుకి బొమ్మలు చేసే రంగు మైనం చిటికెడు అంటించాలి. ముక్కే వాలితే కొంచెం గిల్లి తీసెయ్యాలి. బల్లపరుపుగా నిలిచేదాకా ఇంతే పని.

ఇక్కడొక సంగతుంది. తోక నాభికి దూరంగా ఉంటుంది కనుక అక్కడ రవంత బరువు కూడా పెద్ద బరువులా పనిచేస్తుంది. తోక నాభికి 10 అంగుళాల దూరంలో, ముక్కు 5 అంగుళాల దూరంలో ఉన్నాయనుకోండి. తోకమీద అర గ్రాము జిగురు ఎక్కువైతే, ముక్కు దగ్గర 1 గ్రాము మైనం పెట్టాలి. పిల్లలేమో అందానికని తోకమీదే రంగు దట్టంగా పూస్తారు!

గాలి లేని సాయంత్రం, గడ్డిమీద, నిలబడి తిన్నగా ముందుకు మెల్లగా వదలాలి. పైకి విసరకూడదు. డాబామీంచి అసలే వద్దు, దానివెంట చూస్తూ పిల్లలు పిట్టగోడ దాకా పరుగెడతారు. ముక్కు కిందికి దూసుకుపోతే మైనం కొంచెం తియ్యాలి. లేచి, ఆగి, కూలితే కొంచెం కలపాలి. ఎప్పుడూ ఒకే పక్కకి తిరుగుతుంటే ఏ రెక్క బరువో, ఏది వంకర పోయిందో చూడాలి.

ఈ బరువు సంగతి తెలుసుకోవడానికి మనుషులు ప్రాణాలే ఇచ్చారు. జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ అనే ఇంజనీరు తన గ్లైడరుకి వేలాడుతూ, ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊపుతూ బరువు సరిచూసుకుని సుమారు 2,000 సార్లు ఎగిరాడు. 1896 ఆగస్టు 9న గ్లైడరు ముక్కు పైకి లేచి గాల్లో ఆగిపోయింది. దాన్ని దించలేక కిందపడి, మర్నాడే చనిపోయాడు. ఆయన మరణవార్తే రైట్ సోదరుల్ని ఈ చదువులోకి దింపింది.

ఇక రాకెట్టు. దానికి బాణమే పోలిక. ములికి బరువు ముందు, ఈకలు వెనక. రాకెట్టుకీ గరిమనాభి ముందు ఉండాలి, గాలి ఒత్తిడి కేంద్రం దాని వెనక ఉండాలి. రెంటి మధ్యా కనీసం గొట్టం వ్యాసమంత ఎడం కావాలంటారు. ఎడం చాలకపోతే రాకెట్టు గాల్లో పల్టీలు కొట్టి ఎవరిమీదికైనా రావచ్చు. పరీక్ష సులువే. నాభి దగ్గర దారం కట్టి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి గిరగిర తిప్పాలి. ముక్కు ముందుగా తిరిగితే సరే. తోక ముందుకొస్తే ముక్కుకి బరువు పెంచాలి, లేదా వెనక రెక్కలు పెద్దవి చెయ్యాలి.

టపాకాయల మందు విప్పి గొట్టంలో కూరే పని మాత్రం ఏ పిల్లనీ, ఏ పిల్లవాణ్ణీ చెయ్యనివ్వకండి. చేతులూ కళ్ళూ పోతాయి. సరదా తీరాలంటే సోడా కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, సైకిలు పంపుతో గాలి నింపి ఎగరేసే నీళ్ళ రాకెట్టు ఉంది. పెద్దవాళ్ళు దగ్గరుండాలి, అందరూ ఎడంగా నిలబడాలి. పల్చటి మంచినీళ్ళ సీసాలు పేలతాయి, అవి వద్దు. నీళ్ళు చిమ్మేశాక సీసా తేలికైపోతుంది. కాబట్టి దారం పరీక్ష ఖాళీ సీసాతోనే చెయ్యండి. తోక రెక్క ఊడితే అతికించిన ప్రతిసారీ మళ్ళీ తిప్పి చూడమనండి.