అధికారమునకు మేర



ధర్మము రాజునకును పైదని మన పెద్దలెఱిఁగిన మాట. ప్రజాప్రభుత్వమునను అధికారమునకు శాసనమే మేర. శాసనసభ కూడియుండని తఱి తక్షణావసరము కలిగినచో, గవర్నరు మంత్రివర్గపు సలహాపై ఆర్డినెన్సు జారీచేయవచ్చును. సభ తిరిగి కూడిన 6 వారములలో చట్టముగాఁ జేయనిచో నది అంతరించును.

బీహారునందు 1967 మొదలు 1981 వఱకు 256 ఆర్డినెన్సులు వెలువడినవి. పెక్కింటిని సభ యెదుటఁ బెట్టకయే మరల మరల జారీచేసిరి. ఒకటి 14 ఏండ్లకు సమీపముగా నిలిచెను. వాధ్వా యను అర్థశాస్త్రాచార్యుఁడు దీనిని శోధించి సుప్రీముకోర్టు నాశ్రయించెను. ఇది రాజ్యాంగమును వంచించుటయే యని 1986లో ధర్మాసనము తీర్పుచెప్పెను.

శాసనము మేలైనదైనను సభాముఖమునఁ బుట్టవలయును. మన కార్యవర్గమును తన నిర్ణయములను మహాసభ ముందుంచుఁగాక! ప్రశ్నించు సభ్యుని విరోధిగా నెంచక, లెక్కయుఁ గారణమును జూపుఁడు.