మంచు మీద చల్లిన పేడ ఎక్కడికి పోతుంది?

ఈ రోజు పేడ గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, ఇది తాగే నీళ్ల సంగతి.

2014 ఆగస్టు 2, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరం. కుళాయి నీళ్లు తాగొద్దు, కాచి కూడా తాగొద్దు అని ప్రకటించారు. ఎందుకంటే కాస్తే ఆ విషం పోదు సరికదా, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. సుమారు 5 లక్షల మంది బాటిల్ నీళ్ల కోసం పరుగులు పెట్టారు. ఆ విషం పేరు మైక్రోసిస్టిన్. ఈరీ సరస్సులో పెరిగిన నాచులోంచి వచ్చింది. ఆ నాచుకి మేత భాస్వరం. అది ఎక్కువగా పొలాల నుంచి మామీ నదిలో కొట్టుకొచ్చేదే. అందులో రసాయన ఎరువుల వాటా పెద్దది, మొత్తం నేరం పేడ మీదకి నెట్టేస్తే అన్యాయం. కానీ పేడ వాటా కూడా ఉంది.

మన దగ్గర ఎండాకాలంలో పెంట తోలి, వానలకు ముందే దున్నేస్తారు కదా. అక్కడ చలికాలంలో నేల రాయిలా గడ్డకడుతుంది. దాని మీద, మంచు మీద పేడ చల్లితే లోపలికి ఇంకదు, పైనే ఉండిపోతుంది. మంచు కరిగిన రోజున ఆ నీళ్లతో పాటే కాలువలోకి జారిపోతుంది. రైతుకి ఎరువూ దక్కదు!

మరి ఎందుకు చల్లుతారు? ఆవులు చలికాలమని పేడ వేయడం ఆపవు కదా, గుంత నిండిపోతుంది. పైగా గడ్డకట్టిన నేలలో ట్రాక్టర్ దిగబడదు.

2015లో ఒహాయో చట్టం చేసింది. ఈరీ సరస్సు పడమటి వైపు ప్రాంతంలో మంచు మీద, గడ్డకట్టిన నేల మీద పేడ చల్లకూడదు. నేల లోపలికి ఎక్కిస్తే, 24 గంటల్లో మట్టిలో కలిపేస్తే, లేదా పొలంలో పైరు ఉంటే మినహాయింపు. వెర్మాంట్‌లో అయితే ఏకంగా డిసెంబరు 15 నుంచి ఏప్రిల్ 1 దాకా నిషేధం.

నన్నడిగితే చట్టం సులువైన భాగం. చలికాలమంతా పేడ పట్టేంత గుంత కట్టడమే ఖర్చు, చిన్న రైతుకి మోయలేని ఖర్చు. ఆ డబ్బులో నీళ్లు తాగే నగరం కూడా వాటా పెట్టాలంటాను. ఈలోగా చవకైన పని ఒకటుంది. కొట్టం కప్పు మీద పడే వాన నీళ్లు గుంతలోకి పోకుండా గొట్టంతో పక్కకి మళ్లించడం. గుంత కొన్నాళ్లు ఆలస్యంగా నిండుతుంది. ఆ కొన్నాళ్లలో నేల కరగొచ్చు.

మీ ఊళ్లో పెంట ఎప్పుడు తోలుతారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చెప్పండి. ఉంటాను మరి.