మా తాత నేర్పిన వేట

వేట యనగానే పట్టణవాసుల మనస్సునకు తుపాకియు, టోపీయు, చచ్చిన పులిమీద కాలుమోపి నిలిచిన దొరగారి ఛాయాచిత్రమును వచ్చును. నేను చెప్పబోవు వేటగాని చేతిలో తుపాకి ఎన్నడును లేదు. జనుపనారతో అల్లిన ఒక ఉరివల, ఒక వడిసెల, ఒక కుక్క, అలుపెరుగని రెండు కాళ్లు, ఇంతే ఆయన సరంజామా. ఆయన మా తాత, మా అమ్మకు కన్నతండ్రి. ఆయన నాకు వేట నేర్పినారు. ఆ విద్యతో నేను ఒక్క ప్రాణిని చంపియెరుగను. నాకు నేర్పునాటికి ఆయనయు చంపుట మానియుండిరి. చంపని వేటలో నేర్చుకొనుటకేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పవలెనని నా కోరిక.

తాత ఊరు పటాన్‌చెరువునకును సంగారెడ్డికిని నడుమ, నక్కవాగు ఒడ్డున ఉన్నది. ఆ వాగు పటాన్‌చెరువు వైపునుండి పారి మంజీరలో కలియును. పేరు పెట్టినవారెవరో గాని చూచి పెట్టినారు. ఒడ్డున తుమ్మపొదలలో నక్కలు నిజముగా ఉండెడివి. సంగారెడ్డి పేరిట జిల్లా ఏర్పడినది 2016లో. నా చిన్ననాట అదంతయు మెదకు జిల్లా, దానికి సంగారెడ్డి ముఖ్యపట్టణము.

తాత నిజాము ప్రభుత్వకాలమున పుట్టి పెరిగినవారు. ఆ దినములలో పెద్ద వేట పెద్దలదే. మెదకుకు చేరువనున్న పోచారము అడవి నిజాము వేటరంగముగా ఉండి, 1952లో అభయారణ్యమైనది. మా వైపు అంతటి అడవి లేకపోయినను, అధికారులు పొదలలో వేటకు దిగినప్పుడు ఊరివారిని వెట్టికి పిలిచెడివారట. డప్పులు, తగరపు డబ్బాలు కొట్టుచు, కేకలు పెట్టుచు, జంతువులను వారి తుపాకులకు ఎదురుగా తోలవలెను. పదేండ్ల ప్రాయమున తాతయు ఆ వెట్టికి పోయినారు. ఆ సంగతి చెప్పినప్పుడెల్ల నవ్వెడివారు.

"మేం కొట్టుకుంట ఉరికేది, వాండ్లు కూసోని కాల్చేది. గది వేటనా బిడ్డా? నడిచినోనిది వేట."

సేద్యము విషయమునను ఆయనది ఇదే మాట. వంగినవానిది చేను. ఈ రెండు మాటలను ఆయన వేరువేరుగా తలచినట్లు నాకు తోచదు.

నేను 1988 ప్రాంతమున, బడి సెలవులు వచ్చినప్పుడెల్ల, ఆ ఊరికి పోయెడివాడను. వేసవిలో జొన్న కొయ్యకాళ్లు ఏరుట, పెంట గంపలు మోయుట. దసరానాటికి జొన్న పాలుపోసుకొని గింజపట్టును గనుక మంచెపై కాపు. నల్లరేగడి నేల, మోకాలిలోతు నెర్రెలు. బారెడు పొద్దెక్కకముందే నా నడుము పట్టుకొనెడిది. తాత తిట్టెడివారు కారు. నేను కూలబడినచోటికి వచ్చి, నేను విడిచిన సాలును తామే ముగించి, మాటాడక వెనుకకు పోయి, తమ సాలును తాము విడిచినచోట పట్టెడివారు. తిట్టు తినుట అంతకన్న సులభము. మరునాడు నేను లేచి కూర్చుండుట మానివేసితిని.

పని ముగిసినగాని వేటపాఠము లేదు. అయితే ఆ పాఠము తెల్లవారుజామునే చెప్పవలసినది గనుక, నిన్నటి పనికి నేటి పాఠము కూలియన్నమాట! మసక వెలుతురులో వాగులోనికి దిగెడివారము. ఇసుకపై రాత్రి తిరిగిన జీవుల అడుగులు గాలికి చెదరకముందే చూడవలెను. కుందేలు దుముకునప్పుడు వెనుకకాళ్లు ముందుకాళ్లను దాటి ముందుకు పడును. ఈ సంగతి తెలియనివాడు పెద్ద గుర్తులను వెనుకవి యనుకొని, కుందేలు వచ్చిన దిక్కునకు పోవును గాని పోయిన దిక్కునకు పోడు. ఊరకుక్క అడుగులు అటునిటు తిరుగును, వాసన పట్టినచోటెల్ల ఆగును. నక్క అడుగు కొంచెము సన్నము, నడక ఇంచుమించు దారము పట్టినట్లు తిన్నన. అడవిపంది గిట్టల వెనుక, మెత్తని నేలపై, రెండు చిన్న చుక్కలు కూడ పడును. ఇవన్నియు ఒక్కసారి చెప్పి, తరువాత చెప్పుట మానివేసెడివారు. నేను చూచి చెప్పవలెను. తప్పు చెప్పినను ఒప్పు చెప్పినను ఆయన మాట ఒక్కటే: "నడువు, సూద్దాం." ఆ అడుగుల వెంట నడచుచు పోగా పోగా, తప్పో ఒప్పో నేలయే తేల్చెడిది.

గాలి ముఖమునకు తగులునట్లు నడచుట, ఎండుటాకుపై మడమ ముందు మోపకుండుట, కూర్చున్నచోట గడియసేపు కదలకుండుట ఆయన నేర్పినవే. చివరిది అన్నింటికంటె కష్టము. పెంట మోయుటకన్న కష్టమని అప్పట్లో నాకు తోచెడిది.

తాను వల వేసిన కాలమునాటి కట్టుబాట్లు కొన్ని ఆయన చెప్పెడివారు. వానలు పడి పొదలు పచ్చబడిన నెలలలో వల దింపరాదు, అవి పిల్లలు పెట్టు దినములు. దొరికిన దానిలో కుక్కకు వంతు, వెంట వచ్చిన ప్రతివానికిని వంతు, దారిలో ఎదురైనవానికి సైతము ఒక ముక్క. అన్నింటికంటె గట్టిది నీటికట్టు.

"నీళ్లకాడ కొట్టొద్దు. అది దూపకొచ్చింది, మనకోసం రాలే."

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. మొదట అందులో కొన్ని చిన్న జంతువులను లైసెన్సుపై వేటాడు పద్ధతి ఉండెను. 1991లో చేసిన సవరణతో అదియు పోయినది. మావంటి ఊళ్లలో లైసెన్సు ఎవరు తెచ్చుకొందురు? చట్టము సంగతి ఊరికి చేరిననాడు తాత వల విప్పి అటుకుమీద పెట్టినారు. ఆయన ఆ చట్టమును మెచ్చుకొనలేదు, మీరలేదు. కుందేళ్లకు తక్కువయని ఆయన ఎన్నడును ఒప్పుకొనలేదు. వల అటుకెక్కినను తెల్లవారుజామున వాగులో దిగుట మాత్రము మానలేదు. ఆ అలవాటు వలననే నాకు ఆ విద్య దక్కినది.

ఇట్టి గురుశిష్యుల కథ మన దేశమున లోకప్రసిద్ధమైనది ఒకటి గలదు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకొని, బొంబాయిలో మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీగారి ఇంట పెరిగినారు. మేనమామ వేటగాడు. బాలుని చేతికి గాలితుపాకి ఇచ్చినదాయనయే. ఒకనాడు ఆ బాలుడు కొట్టిన పిచ్చుక గొంతుమీద పసుపుపచ్చని మచ్చ కనిపించినది. ఇదేమి పిట్టయని అడుగగా, మేనమామ దానిని బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమునకు తీసికొనిపొమ్మని పంపినారు. అది 1908. ఆ వాకిలి దాటిన బాలుడు మరల బయటికి రాలేదనవలెను. 1931లో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే చేసినదియు ఆయనయే. వేట నేర్పిన పెద్దవాడే ఆ ప్రశ్నకు దారి చూపుట ఇందులో నాకు నచ్చిన సంగతి. నాకు తెలియదు, తెలిసినవారి వద్దకు పొమ్మని చెప్పగల పెద్దలు ఎల్ల ఇండ్లలో ఉండరు.

మా తాతకు అట్టి సంఘములు తెలియవు. ఆయన సంఘము వాగు. ఆ వాగునకు పట్టిన గతి చెప్పకున్న ఈ కథ సగమే.

1970ల నుండి పటాన్‌చెరువు చుట్టును కర్మాగారములు లేచినవి. పని దొరికినది, జీతము దొరికినది. మా మేనమామయు ఒక కంపెనీలో చేరి పిల్లలను చదివించుకొన్నారు. ఆ మేలును కాదనుట న్యాయము కాదు. కాని రసాయనపు మురుగు చెరువులలోనికి, నక్కవాగులోనికి దిగినది. నీటి రంగు మారినది, బావులు చెడినవి, పొలములు చెడినవి. ఆ వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కి, రైతులకు నష్టపరిహారము ఇప్పించువరకు నడచినది. మా ఇంట ఆ సంగతి మొట్టమొదట కనిపెట్టినవి ఎడ్లు. తోలుకొనిపోగా వాగు నీటిని వాసన చూచి, త్రాగక, తలలు త్రిప్పుకొన్నవట. ఆ తరువాత ఒక్కొక్క ఏటను ఇసుకపై అడుగులు తగ్గినవి. కుందేలు పోయినది, నక్క పోయినది, చివరకు ఊరకుక్క అడుగులే మిగిలినవి. తన ఉరివల చేయని పని ఇది. తాత ఆ మాట నోరు విడిచి అనలేదు. పొద్దున్నే దిగి, చూచి, ఎక్కి వచ్చెడివారు.

అడవిపందులు మాత్రము ఎక్కడినుండియో వచ్చి మొక్కజొన్నను, చెరకును పాడుచేయుచునే యున్నవి. దిక్కుతోచని రైతులు కొందరు చేని చుట్టును కరెంటు తీగ చుట్టుదురు. రాత్రి నీరు కట్టబోయిన మనుష్యులు దానికి తగిలి చచ్చిన వార్తలు మనము వినుచునే యున్నాము. మా ఊరిలో ఒకరు తీగ తెచ్చిననాడు తాత ముసలితనములోను కర్ర ఊతగా వారి చేనికి పోయి కూర్చున్నారు.

"తీగ గుడ్డిది. పందని సూడది, మనిషని సూడది. నీకు పందిని కొట్టే ఓపిక లేకుంటే మంట పెట్టుకోని కూసో. నేను సుత కూసుంట."

అన్నట్లే నాలుగు రాత్రులు ఆ మంట వద్ద మేలుకొని యున్నారు. తీగ వెనుకకు పోయినది. జీవితమంతయు వల వేసినవాడే ఆ మాట అనగలిగినాడని నా నమ్మకము. వలలో పడినదానిని వేటగాడు చేతితో పట్టుకొని చూడవలెను. తీగ పెట్టినవాడు ఇంట నిద్రపోవచ్చును.

నా ఉద్యోగము ధ్వనిని పట్టుట. మంజీర అభయారణ్యమున, అనగా 1978లో మొసళ్ల రక్షణకై ఏర్పడిన ఆ నీటిపట్టున, ఒక కార్యక్రమము కొరకు తెల్లవారుజామున ధ్వనిముద్రణ యంత్రముతో కూర్చుంటిని. నా వెంట వచ్చిన యువకుడు గడియకొకమారు కదలుచు, ఏమియు రికార్డు కాలేదని చింతించుచుండెను. నేను వానిని ఒక్కటే అడిగితిని: గాలి ఎటునుండి వచ్చుచున్నది? అతడు వ్రేలు తడిచేసి పట్టి చూచినాడు. మైకును త్రిప్పి, రెల్లుపొద చాటునకు జరిగి, మరల కూర్చుంటిమి. కొంతసేపటికి నీటికోళ్లు పలికినవి. ఆ వెనుక, ఇసుకదిబ్బ మీదినుండి మొసలి నీటిలోనికి జారిన మెత్తని చప్పుడు. ఆ చప్పుడు మీలో కొందరు మీ ఇండ్లలో రేడియోలో వినియే యుందురు.

తాత 2007లో కాలము చేసినారు. వాగులో దిగి చూచి వచ్చుట చివరి యేడుదాక మానలేదని మా అత్తమ్మ చెప్పును. ఆయన ఉరివల అటుకుమీదినుండి దిగినది. జనుపనార గట్టిది, ఇంకను చివుకలేదు. అత్తమ్మ దానిని కోళ్లగూటి మీద గ్రద్దలకు అడ్డముగా పరచుకొన్నది.