ఆపరేషన్ తర్వాతి సంవత్సరాలు

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆరోగ్యం మీద కాసేపు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మన సంస్థకు వచ్చే వైద్య సహాయం దరఖాస్తులు చూసే కమిటీలో ఇప్పుడు నేనూ ఒకణ్ణి. ఈ రోజు మాట్లాడబోయేది నా పేగు గురించి, ఆ కమిటీలో కూర్చుని నేను చేసిన ఒక పొరపాటు గురించి. భోజనాల ముందు పేగుల సంగతేమిటని విసుక్కోకండి. బిర్యానీ ఇంకా దమ్ మీదే ఉందని వంటవాళ్ళు ఇప్పుడే చెప్పి వెళ్ళారు.

2013లో నాకు చిన్న పేగు, పెద్ద పేగు కలిసే చోట టీబీ వచ్చింది. టీబీ అంటే ఊపిరితిత్తులకే అనుకుంటాం, పేగుకూ వస్తుంది. దారి మూసుకుపోయి, తిన్నది కిందికి దిగక, పొట్ట ఉబ్బి ఆస్పత్రిలో పడ్డాను. చెడిన ముక్కను కోసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. నెలల తరబడి టీబీ మందులు మింగాను. అల్లాహ్ దయవల్ల బతికి బయటపడ్డాను. డిశ్చార్జి కాగితంలో ఎంత పేగు తీసేశారో రాశారు గాని, దానివల్ల ముందుముందు ఒంట్లో ఏమి తక్కువవుతుందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మూడేళ్ళు బాగానే గడిచాయి. ఆ తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది, దూది మీద నడుస్తున్నట్టు. నాలుక ఎర్రబడి నున్నగా అయిపోయి, కారం తగిలితే మండేది. హాజరుపట్టీలో ఏళ్ళ తరబడి పిలుస్తున్న పిల్లల పేర్లు గుర్తుకొచ్చేవి కావు. అందరూ షుగర్ అన్నారు, పరీక్షిస్తే షుగర్ లేదు. వయసన్నారు. దగ్గర్లోని ఒక డాక్టరుగారు రక్తం తక్కువగా ఉందని ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు. రెండు నెలల్లో హిమోగ్లోబిన్ కాస్త పెరిగింది. కాళ్ళు మాత్రం ఇంకా మొద్దుబారాయి.

అసలు భయం మస్జిద్‌లో తెలిసింది. ఫజర్‌కు వుజూ చేస్తూ, కళ్ళు మూసుకుని ముఖం మీద నీళ్ళు చల్లుకున్నాను. అంతే, ముందుకు తూలిపోయాను. కుళాయి పట్టుకోకపోతే పళ్ళు రాలేవి. మర్నాడూ అదే. నాలుగైదు రోజులు కళ్ళు తెరిచే ముఖం కడుక్కున్నాను, ఎవరికీ చెప్పలేదు.

చివరికి మా అబ్బాయి గుంటూరులో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయన నా నడక చూశారు. పాదాలు దగ్గర పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమన్నారు. ఊగిపోయాను. పడుకోబెట్టి చొక్కా ఎత్తి, "మాస్టారూ, ఈ గాటేమిటి?" అన్నారు. చెప్పాను. "ఇది ముందు చెప్పాలి కదండీ!" అన్నారు. అప్పటిదాకా నేను ఏ డాక్టరుకూ ఆ ఆపరేషన్ సంగతి చెప్పలేదు. కాళ్ళ తిమ్మిరికీ పొట్ట మీది గాటుకూ సంబంధం ఉంటుందని నాకు తోస్తే కదా!

ముప్పై ఒక్క ఏళ్ళు విటమిన్ల పట్టిక నల్లబల్ల మీద గీసినవాణ్ణి నేను. బి12 మాంసం, గుడ్లు, పాలలో ఉంటుందని రాయించాను. అది ఒంటికి పట్టేది చిన్న పేగు చివరి భాగంలోనని మాత్రం ఏనాడూ రాయించలేదు. కడుపులో ఊరే ఒక ప్రోటీను ఆ విటమిన్‌ను వెంటబెట్టుకుని పేగు చివరిదాకా తీసుకెళ్తుంది. అక్కడే దానికి తలుపు. నాకు కోసేసింది సరిగ్గా ఆ తలుపునే. "మనం మాంసం తినేవాళ్ళం, మనకు బి12 తక్కువేమిటి?" అని బంధువులు నవ్వారు. కిలోల కొద్దీ తిన్నా, తలుపే లేనప్పుడు లోపలికి పోయేదెలా? మూడేళ్ళు ఎలా గడిచిందంటే, కాలేయంలో ఏళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది. ఆ నిల్వ తరిగిపోయేనాటికి ఆపరేషన్ సంగతి మనమూ మరిచిపోతాం, ఇంట్లోవాళ్ళూ మరిచిపోతారు.

ఇక్కడ మన తెలుగువాడి మాట ఒకటి చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో పోయారు. తిన్నది ఒంటపట్టని పేగు జబ్బు అది. ఆయనకూ ఆ జబ్బు తగిలింది, బతికారు. తర్వాత అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ మందు లక్షలమందికి మేలు చేసింది. అయితే బి12 లోపం ఉన్నవాడికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం పెరిగినట్టు కనబడుతుంది, లోపల నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయి. నాకు జరిగింది అదే. బి12ను విడదీసింది 1948లో, సుబ్బారావుగారు కన్నుమూసిన ఏడాదే. అంతకుముందు ఇలాంటి రోగులకు దిక్కు కార్జమే. 1926లో అమెరికాలో మైనట్, మర్ఫీ అనే డాక్టర్లు రోజుకు పావు కిలో దాకా కార్జం తినిపించి మనుషులను బతికించారు. 1934లో దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. రోజూ పావు కిలో కార్జం! నాకు ఆ అవస్థ తప్పింది.

నాకు పట్టింది సూది. దానిమ్మ రసంలా ఎర్రటి మందు. మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి, జీవితాంతం. ఇది నా మోతాదు. మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే వారి డాక్టరు చెప్పిందే వినండి. నాలుక పది రోజుల్లో నెమ్మదించింది. పేర్లు మెల్లగా తిరిగొచ్చాయి. అరికాళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు. ఆలస్యమైనంత మేరకు నష్టం అలాగే మిగులుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ సూది ఖరీదు ఒక ప్లేటు బిర్యానీ కంటే తక్కువ.

ఇక నా పొరపాటు.

2021లో మన సంస్థకు ఒక అమ్మాయి దరఖాస్తు వచ్చింది. మిషను కుట్టుకునే అమ్మాయి, భర్త ఆటో నడుపుతాడు. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడింది. మొదటి ఆపరేషన్‌లో పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి కట్టారు, కొన్ని నెలలకు రెండో ఆపరేషన్ చేసి లోపల కలిపారు. మందులకు, దారి ఖర్చులకు మన సంస్థ సాయం చేసింది. రెండో ఆపరేషన్ అయ్యాక ఫైలు మీద "సహాయం పూర్తయినది" అని నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. అప్పటికి నేను నెలనెలా సూది వేయించుకుంటూనే ఉన్నాను. అయినా ఆ అమ్మాయికి ఆపరేషన్ తర్వాత ఏమిటని నాకు తట్టలేదు.

2023 రంజాన్‌లో రేషన్ కిట్లు పంచుతున్నాం. వరుసలో నిలబడలేక ఒకామె గోడ పక్కన కూలబడింది. కొంగులో బియ్యం పోసుకుని నములుతోంది. ఆ అమ్మాయే. "ఏమ్మా, పచ్చి బియ్యం తింటున్నావేం?" అంటే, "ఏమో చాచా, తినకపోతే ఉండలేకపోతున్నా" అంది. పక్కనున్న అత్తగారు, "ఆపరేషన్ చేయించాం, అంతా అయిపోయింది. ఇంకా నీరసం నీరసం అంటుంది భాయ్, పని ఎగ్గొట్టడానికి" అంది. నిలబడి చేతులు చూశాను. గోళ్ళు మధ్యలో గుంటపడి స్పూనులా ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ చూపించి పిల్లలకు చెప్పిన పాఠమది. మనిషి మీద చూడటం అదే మొదలు.

హిమోగ్లోబిన్ 6.4 వచ్చింది. ఐరన్ నిల్వ దాదాపు లేదు. రెండు ఆపరేషన్లలో పోయిన రక్తం, నెలనెలా పోయేది, నెలల తరబడి గంజి, చారన్నం తప్ప ఏమీ తినకపోవడం, అన్నీ కలిసొచ్చాయి. అంతకుముందు ఎవరో ఐరన్ మాత్రలిచ్చారు. వికారం వస్తోందని, విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేసింది. ఐరన్ మాత్రకు విరేచనం నల్లబడటం మామూలేనని ఒక్క మాట చెప్పినవాళ్ళు లేరు. తిన్న నాలుగు రోజులు కూడా టీతో మింగింది. టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, పాలూ అంతే. ఆస్పత్రిలో ఇనుమును సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించారు. నెలన్నరకు 10 దాటింది. బియ్యం నమలడం దానంతట అదే పోయింది.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆపరేషన్ లేకుండానే ఇదీ పరిస్థితి. అందుకే ఆడవాళ్ళ నీరసం ఎవరికీ జబ్బులా కనబడదు.

మన ఇళ్ళలోని కొన్ని నమ్మకాల గురించి కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. పాయా తాగితే రక్తం పడుతుందంటారు. పాయా రుచికి మంచిదే, ఇనుము అందులో పెద్దగా లేదు. ఖర్జూరంలోనూ మనం అనుకునేంత లేదు. ఉన్నది కలేజీలో, మాంసంలో. ఆకుకూర, పప్పు తింటే నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. రంజాన్‌లో మాత్ర వేసుకునేవారు ఇఫ్తార్‌లో నిమ్మ షర్బత్‌తో వేసుకుని, టీ ఓ గంటా రెండు గంటలు ఆగి తాగితే మంచిది. పేగు తగ్గినవాళ్ళకు కొన్ని పూత మాత్రలు కరగకుండానే బయటికి పోతాయి. అలా కనబడితే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, వేరే రూపంలో ఇస్తారు. విటమిన్ డి క్యాప్సూల్‌లో జెలటిన్ ఉందని మానేసినవాళ్ళు నాకు తెలుసు. మానక్కర్లేదు, పాలలో కలుపుకునే పొడి ప్యాకెట్లు దొరుకుతాయి. నా సూది గురించి మా ఇమాం సాబ్‌ను అడిగితే, బలానికి ఎక్కించే గ్లూకోజు వేరు, ఇది వేరు అన్నారు. అయినా నా తృప్తికి తరావీహ్ అయ్యాకే వేయించుకుంటాను. ఇంకొకటి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలోనూ బి12 తగ్గవచ్చు. ఈ హాల్లో అలాంటివారు తక్కువేమీ లేరు.

దాతలను నేను అడిగేది ఇది. పేగు ఆపరేషన్‌కు సాయం చేసిన ఏ ఫైలునూ ఆపరేషన్‌తో మూయవద్దు. అందులో ఒక కాగితం అదనంగా పెడదాం. ఏ పేగు ఎంత తీశారో డిశ్చార్జి కాగితం చూసి మొదటి గీతలో రాద్దాం. కింద రక్తపరీక్ష, ఐరన్ నిల్వ, బి12, విటమిన్ డి ఎప్పుడెప్పుడు చూడాలో డాక్టరు చేతే రాయిద్దాం. ఆ పరీక్షల ఖర్చు, సూదుల ఖర్చు మనం పెట్టుకుందాం. పేదవాడు ఆపరేషన్‌కు అప్పు చేసైనా వెళ్తాడు, మూడేళ్ళ తర్వాత వచ్చే తిమ్మిరికి వెళ్ళడు. ల్యాబులు నడుపుతున్నవారు ఈ సభలో ఇద్దరున్నారు, రేటు తగ్గిస్తామని టీ దగ్గర నాతో అన్నారు. ఆ మాట ఇప్పుడు అందరి ముందూ చెప్పేశాను కాబట్టి ఇక వెనక్కి తీసుకోలేరు. ఆడపేషెంట్లకు తోడు వెళ్ళడానికి, ఇంటికెళ్ళి అత్తగార్లకు నచ్చజెప్పడానికి పరదా అవతలి అక్కచెల్లెళ్ళు ముగ్గురు నలుగురు ముందుకు రావాలి. ఆ పని నావల్ల కాదు, ప్రయత్నించి చూశాను.

ఆ అమ్మాయి ఫైలు మీద నేను రాసిన రెండు మాటలూ కొట్టేసి, పక్కన మళ్ళీ సంతకం పెట్టాను. ఆమెకు వచ్చే నెల 11న రక్తపరీక్ష, నాకు 4న సూది. రెండు తేదీలూ నా డైరీలో ఒకే పేజీలో ఉన్నాయి.